కంటికి కనిపించేది వేరు, ఫైల్లో ఉన్నది వేరు: ఉద్యోగులకు కంప్యూటర్ శిక్షణ

ఆఫీసులో కంప్యూటర్ ట్రైనింగ్ పెట్టాలనగానే చాలామంది సిలబస్‌ని మెనూల వరుసలో రాసేస్తారు. మొదటి రోజు హోమ్ ట్యాబ్, రెండో రోజు ఇన్సర్ట్, మూడో రోజు పేజ్ లేఅవుట్. ఏళ్ల తరబడి ఎక్సెల్ తెరుస్తున్న మనిషిని కూర్చోబెట్టి బోల్డ్ బటన్ ఎక్కడుందో చెబితే గంట తిరక్కముందే ఆవలింతలు మొదలవుతాయి. అలాగని ఆయనకు అన్నీ వచ్చనీ కాదు. రోజూ చేసే పనిలోనే కొన్ని తప్పులు అలవాటుగా స్థిరపడిపోయి ఉంటాయి. పని ఎలాగోలా గడిచిపోతుంది కాబట్టి అవి బయటపడవు.

ఆ తప్పుల్లో చాలావాటికి మూలం ఒకటే: తెర మీద కనిపించేదే ఫైల్లోనూ ఉందనుకోవడం. అక్షరాలు లావుగా, పెద్దగా ఉంటే అది హెడింగ్ అనుకుంటారు. సెల్‌లో 500 కనిపిస్తే అది అంకె అనుకుంటారు. ఎర్ర గీతలు మాయమైతే దిద్దుబాట్లు పోయాయనుకుంటారు. పెద్దవాళ్లకు నేర్పాల్సిన అసలు పాఠం ఇదే. సర్టిఫికేషన్ పరీక్షలు కొలిచేది కూడా చాలావరకు దీన్నే. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ముందు పరీక్ష, తర్వాత పాఠం

"మీకు ఎక్సెల్ ఎంతవరకు వచ్చు?" అని ఫారంలో అడిగితే వచ్చే జవాబుకు పెద్ద విలువ లేదు. బాగా వచ్చినవాళ్లు "కొంచెం" అని రాస్తారు, రానివాళ్లు "బాగా" అని రాస్తారు. దానికి బదులు 200 వరుసల షీట్ ఒకటి కావాలనే పాడుచేసి ఇవ్వండి. కొన్ని తేదీలు టెక్స్ట్‌గా, కొన్ని అంకెలు టెక్స్ట్‌గా, పేర్ల చివర కనిపించని ఖాళీలు, నాలుగైదు డూప్లికేట్ వరుసలు, మధ్యలో ఒక మెర్జ్ చేసిన (రెండు మూడింటిని ఒకటిగా కలిపిన) సెల్. ముప్పై నిమిషాలు టైమిచ్చి మూడు పనులు అడగండి: శాఖల వారీగా మొత్తం, నెలల వారీగా లెక్క, ఒక పేజీలో ప్రింట్. జవాబు కంటే చేతులు ఎటు పోతున్నాయో గమనించండి. క్యాలిక్యులేటర్ బయటికి తీసేవాళ్లు ఒక బ్యాచ్, ఫార్ములా వేసి తప్పు మొత్తాన్ని నమ్మేసేవాళ్లు ఇంకో బ్యాచ్, మొత్తం ఎందుకు తేడాగా ఉందని ఆగి చూసేవాళ్లు మూడో బ్యాచ్. ఎక్కువ శ్రద్ధ కావాల్సింది రెండో బ్యాచ్‌కే. క్యాలిక్యులేటర్ వాడేవాళ్లు కనీసం రెండుసార్లు సరిచూసుకుంటారు.

ఎక్సెల్: సెల్‌లో నిజంగా ఏముంది?

ఎక్సెల్ పాఠం సమ్ ఫార్ములాతో కాకుండా స్టేటస్ బార్‌తో మొదలైతే మేలు. కిటికీ అడుగున ఉండే ఆ సన్నటి పట్టీ మీద రైట్ క్లిక్ చేసి కౌంట్, న్యూమరికల్ కౌంట్, సమ్ మూడింటికీ టిక్ పెట్టించండి. ఇప్పుడు హెడర్ వదిలేసి మొత్తాల కాలమ్ సెలెక్ట్ చేస్తే కౌంట్ 200 అని, న్యూమరికల్ కౌంట్ 187 అని వస్తుంది. అంటే పదమూడు సెల్స్‌లో ఉన్నవి అంకెల్లా కనిపించే అక్షరాలన్నమాట. సమ్ ఫార్ములా వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. విచిత్రమేంటంటే అవే సెల్స్‌ని ప్లస్ గుర్తుతో కలిపితే ఎక్సెల్ వాటిని అంకెలుగా మార్చుకుని సరైన జవాబిస్తుంది. "ప్లస్ చేస్తే వస్తోంది, సమ్ వేస్తే రావట్లేదు" అనే ఫిర్యాదు వెనకున్న కథ ఇదే.

చాలాసార్లు మందు సులువే. కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, మరేమీ ముట్టుకోకుండా ఫినిష్ నొక్కితే అంకెలు అంకెలవుతాయి. అప్పటికీ కాకపోతే ముందే సెల్ ఫార్మాట్ టెక్స్ట్ అని పెట్టి ఉందేమో చూసి జనరల్‌కి మార్చి మళ్లీ చేయండి. దానికీ లొంగకపోతే వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన డేటా అయి ఉంటుంది. అందులో మామూలు స్పేస్‌లా కనిపించే వేరే క్యారెక్టర్ ఉంటుంది, దాని కోడ్ 160. అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫంక్షన్‌కి కూడా అది లొంగదు. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో క్యార్ 160ని వెతికించి, దాని స్థానంలో ఏమీ లేకుండా పెట్టించి, వచ్చినదాన్ని వాల్యూ ఫంక్షన్‌తో అంకె చేయాలి. ట్రిమ్ వేసినా వీలుకప్ (ఒక విలువను లిస్టులో వెతికి, దాని పక్క కాలమ్‌లోది తెచ్చే ఫంక్షన్) పనిచేయడం లేదని తల పట్టుకునేవాళ్లలో సగం మంది సమస్య ఇక్కడే తీరుతుంది.

తేదీల దగ్గర ఒక క్లాసంతా ఆగినా తప్పులేదు. ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని లెక్కపెడుతూ వస్తుంది. 2024 జనవరి 1 దగ్గర ఆ అంకె 45292. సెల్ ఫార్మాట్‌ని జనరల్‌కి మార్చి చూపిస్తే ఆ అంకె బయటపడుతుంది, క్లాసులో అందరి మొహాలూ మారతాయి. ఇప్పుడు అసలు చిక్కు. రోజు ముందు, నెల తర్వాత రాసిన ఫైల్‌ని, నెల ముందు రాసే సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచారనుకోండి. 25/03/2024 అన్నది దానికి అర్థం కాదు, ఇరవై అయిదో నెల లేదు కదా. దాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. 05/03/2024 మాత్రం అర్థమైందనుకుని, మార్చి 5ని మే 3గా చేసేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. మొదటి ఆనవాలు అలైన్‌మెంట్: కాలమ్‌లో 12వ తేదీ వరకు ఉన్నవి కుడివైపు, 13 నుంచి పైవి ఎడమవైపు అంటుకుని కనిపిస్తాయి. అందుకే తేదీల కాలమ్‌ని ఎవరూ సెంటర్ అలైన్ చేయకూడదని క్లాసులో గట్టిగా చెప్పాలి. అందంగా ఉంటుందని చేస్తారు, ఉన్న ఒక్క ఆనవాలూ పోతుంది.

ఇలా తిరగబడ్డ కాలమ్‌ని ఉన్నచోటే సరిచేయాలని చూడకండి. టెక్స్ట్‌గా మిగిలినవి సర్దుకున్నా, అప్పటికే మే 3 అయిపోయినవి అలాగే ఉండిపోతాయి. అసలు సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) దగ్గరికే వెనక్కి వెళ్లాలి. దాన్ని డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తీసుకుని, ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కండి. పవర్ క్వెరీ (డేటాని తెచ్చి శుభ్రం చేసే ఎక్సెల్ భాగం) తనంతట తానే వేసుకున్న చేంజ్డ్ టైప్ స్టెప్‌ని ముందు తీసేయండి. ఆ తర్వాత తేదీ కాలమ్ టైప్ మార్చేటప్పుడు యూజింగ్ లొకేల్ ఎంచుకుని, రోజు ముందు రాసే ప్రాంతాన్ని చూపాలి. కోడ్ నంబర్ల ముందు సున్నాలు పోకుండా కాపాడే దారి కూడా ఇదే, ఆ కాలమ్ టైప్‌ని టెక్స్ట్‌గా ఉంచాలి. డబుల్ క్లిక్‌తో తెరిస్తే 00452 కాస్తా 452 అవుతుంది. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే నిలుపుకోగలదు కాబట్టి 16 అంకెల నంబర్‌లో చివరిది 0గా మారిపోతుంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే పోయిన అంకె ఇక రాదు.

వీలుకప్ గురించి అందరూ చెబుతారు, దాని నాలుగో ఆర్గ్యుమెంట్ (బ్రాకెట్లలో ఇచ్చే నాలుగో విలువ) గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. అక్కడ ఫాల్స్ అనో 0 అనో రాయకుండా వదిలేస్తే ఎక్సెల్ దగ్గరి విలువను తెచ్చేస్తుంది. లిస్టులో లేని ఉద్యోగి నంబర్ కొట్టినా ఎవరిదో ఒక పేరు వచ్చి కూర్చుంటుంది. దొరకలేదని చెప్పే ఎన్/ఏ ఎర్రర్ వస్తే మనిషి ఆగి చూస్తాడు, తప్పు పేరు వస్తే ప్రింట్ తీస్తాడు. రెండో తప్పు రేంజ్‌కి డాలర్ గుర్తులు పెట్టకపోవడం. ఫార్ములాని కిందికి లాగేకొద్దీ ఏ2 నుంచి డి200 వరకు ఉన్న రేంజ్ ఏ3 నుంచి డి201, ఏ4 నుంచి డి202 అంటూ జారిపోతుంది, లిస్టు పైభాగం ఒక్కో వరుసా కోల్పోతుంది. పైన నాలుగు వరుసలు చూసి బాగుందనుకుని వదిలేస్తే కింద తేలేది తప్పులే. రేంజ్ మీద ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడతాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి, ఈ ముక్క చెప్పకపోతే సగం క్లాసు "మాకు రావట్లేదు" అంటుంది. వీలుకప్ పనే చేసే కొత్త ఫంక్షన్ ఎక్స్‌లుకప్ ఉంటే అదే నేర్పండి, ఏమీ చెప్పకపోయినా అది కచ్చితమైన విలువనే వెతుకుతుంది. కాకపోతే 2016, 2019 వెర్షన్లలో అది లేదు. ఆఫీసులో ఒక్క పాత కంప్యూటర్ ఉన్నా, అక్కడ ఆ ఫార్ములా మళ్లీ లెక్కకట్టగానే ఎర్రర్ వస్తుంది.

ఫార్ములాలన్నిటికీ ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ బదులు మనం చెప్పినది చూపే ఫంక్షన్) తొడగడం ఈ మధ్య ఒక ఫ్యాషన్ అయింది. షీట్ నీట్‌గా కనిపిస్తుందని చేస్తారు. స్పెల్లింగ్ తప్పయినా, డిలీట్ అయిన కాలమ్ అయినా, అన్నీ ఒకే ఖాళీ సెల్ వెనక దాక్కుంటాయి. దొరకని విలువ కోసం మాత్రమే అయితే ఇఫ్‌ఎన్ఏ చాలు.

రౌండింగ్ గొడవ అకౌంట్స్ వాళ్లకు బాగా తెలుసు. 10ని ముగ్గురికి పంచితే ఒక్కో సెల్‌లో 3.33 కనిపిస్తుంది, కింద మొత్తం 10.00 అని ఉంటుంది. కాగితం మీద ఎవరైనా కూడితే 9.99. డెసిమల్స్ తగ్గించే బటన్ కనిపించేదాన్ని మారుస్తుంది గానీ విలువను మార్చదు. విలువే మారాలంటే రౌండ్ ఫంక్షన్ కావాలి. ఆ మిగిలిన 0.01 ఎవరి ఖాతాలో వేయాలన్నది కంప్యూటర్ ప్రశ్న కాదు.

ఫిల్టర్ వేసిన షీట్‌లో మామూలు సమ్ దాగిన వరుసల్నీ కలిపేస్తుంది. సబ్‌టోటల్ ఫంక్షన్‌లో మొదట 9 ఇస్తే ఫిల్టర్ దాచినవాటిని వదిలేస్తుంది, చేత్తో హైడ్ చేసినవాటినీ వదలాలంటే 109 వాడాలి. ఇంతకన్నా ప్రమాదకరమైనది పేస్ట్. వేరేచోట కాపీ చేసిన పది సెల్స్‌ని ఫిల్టర్ వేసిన లిస్టులో పేస్ట్ చేస్తే అవి కనిపించే పది వరుసల్లో కాదు, వరుసగా ఉన్న పదింట్లో పడతాయి. దాగిన వరుసల్లోని పాత డేటా పోతుంది. ఫిల్టర్ ఉండగా పేస్ట్ చేయకూడదన్నది బోర్డు మీద రాసి ఉంచదగ్గ నియమం. మెర్జ్ సెల్స్ వద్దని చెబితే సరిపోదు, బదులు ఏం చేయాలో చూపాలి: ఫార్మాట్ సెల్స్‌లో అలైన్‌మెంట్ కింద సెంటర్ అక్రాస్ సెలెక్షన్ పెడితే చూడ్డానికి అలాగే ఉంటుంది, సార్టింగ్ చెడదు. పివట్ టేబుల్ (డేటాని గుంపులుగా కూడి చూపే పట్టిక) విషయంలో ఒక్క మాట: చాలా వెర్షన్లలో కింద డేటా మారినా అది తనంతట తాను మారదు, రిఫ్రెష్ నొక్కాలి. డేటాని ముందే కంట్రోల్ + టి తో టేబుల్‌గా చేసుకుంటే కొత్త వరుసలు రేంజ్‌లోకి అవే వస్తాయి.

వర్డ్: పేరాగ్రాఫ్ గుర్తులు ఆన్ చేయించండి

వర్డ్ క్లాసులో మొదటి నిమిషంలోనే కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కించాలి. పేరా గుర్తులు, స్పేస్ చుక్కలు, ట్యాబ్ బాణాలు బయటపడతాయి. కొత్త పేజీకి వెళ్లడానికి పద్నాలుగు ఎంటర్లు, సంతకం కుడివైపుకి జరపడానికి నలభై స్పేస్‌లు కొట్టిన ఉత్తరం అప్పుడు తన అసలు రూపంలో కనిపిస్తుంది. ప్రింటరో ఫాంటో మారితే ఆ ఉత్తరం ఎందుకు చెదిరిపోతుందో ఇక విడమర్చి చెప్పక్కర్లేదు. ఎంటర్లకు బదులు కంట్రోల్ + ఎంటర్, స్పేస్‌లకు బదులు రూలర్ మీద ట్యాబ్ స్టాప్.

స్టైల్స్ లేకుండా బోల్డ్, 16 సైజుతో చేసిన హెడింగ్ వర్డ్‌కి హెడింగ్ కాదు. విషయసూచిక పెట్టమంటే ఎంట్రీలు ఏమీ దొరకలేదంటుంది. కంట్రోల్ + ఆల్ట్ + 1 నొక్కితే హెడింగ్ 1 స్టైల్ పడుతుంది, నావిగేషన్ పేన్‌లో పేరు చేరుతుంది. స్టైల్ రూపం నచ్చకపోతే స్టైల్‌నే ఒకసారి మార్చుకోవాలి గానీ ఒక్కో హెడింగ్‌నీ పట్టుకుని మార్చకూడదు. మధ్యలో ఒక్క పేజీ మాత్రమే అడ్డంగా కావాలంటే దానికి ముందొకటి, తర్వాతొకటి, రెండు సెక్షన్ బ్రేక్‌లు (పేజీ అమరిక మారే హద్దులు) కావాలి. ఒకటే పెట్టి మిగతా డాక్యుమెంటంతా అడ్డం తిరిగిందని వాపోవడం మామూలే.

మెయిల్ మెర్జ్‌లో (ఒకే ఉత్తరంలో ఎక్సెల్ లిస్టులోని వివరాలు నింపి ఒక్కొక్కరికీ తయారుచేయడంలో) ఎక్సెల్ నుంచి వచ్చే అంకెలు, తేదీలు వికారంగా వస్తాయి. మొత్తం 1250.50 అని ఉండాల్సింది 1250.5 అనో, ఇంకా పొడుగు దశాంశాలతోనో వస్తుంది. వర్డ్ తెచ్చుకునేది విలువనే, ఎక్సెల్ వేసిన ఫార్మాట్‌ని కాదు. ఆల్ట్ + ఎఫ్9 నొక్కితే ఫీల్డ్ కోడ్‌లు కనిపిస్తాయి. ఫీల్డ్ పేరు తర్వాత బ్యాక్‌స్లాష్, హాష్ గుర్తు, 0.00 చేరిస్తే అంకె సర్దుకుంటుంది. తేదీకైతే బ్యాక్‌స్లాష్, ఎట్ గుర్తు, కొటేషన్లలో తేదీ నమూనా. అందులో నెలకు క్యాపిటల్ ఎమ్ వాడాలి, స్మాల్ ఎమ్ పెడితే నెల బదులు నిమిషాలు వస్తాయి. మళ్లీ ఆల్ట్ + ఎఫ్9 నొక్కి ప్రివ్యూ చూసుకోవాలి.

పరువు తీసే తప్పు మాత్రం ట్రాక్ చేంజెస్‌ది, అంటే చేసిన ప్రతి దిద్దుబాటునీ గుర్తుపెట్టే సదుపాయానిది. వ్యూని నో మార్కప్‌కి మార్చగానే ఎర్ర గీతలు పోతాయి, ఫైల్ శుభ్రమైందనుకుని బయటికి పంపిస్తారు. అవతలివాళ్లు ఆల్ మార్కప్ పెట్టగానే కొట్టేసిన వాక్యాలు, లోపల రాసుకున్న కామెంట్లు అన్నీ కనిపిస్తాయి. రివ్యూ ట్యాబ్‌లో మార్పులన్నీ యాక్సెప్ట్ చేయాలి, కామెంట్లు డిలీట్ చేయాలి, తర్వాత ఫైల్, ఇన్ఫోలో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడపాలి. క్రాప్ చేసిన ఫొటోలో కోసేసిన భాగం కూడా ఫైల్లోనే ఉంటుంది, కంప్రెస్ పిక్చర్స్‌లో క్రాప్ చేసిన భాగాలు తీసేయమనే టిక్ పెట్టే వరకు. పేరు మీద నల్ల డబ్బా గీసి పీడీఎఫ్ చేస్తే ఆ పేరు అక్కడే ఉంటుంది, కాపీ పేస్ట్ చేస్తే వచ్చేస్తుంది.

పవర్‌పాయింట్‌కి ఒక్క క్లాసు చాలు, అందులో ముప్పావు వంతు స్లైడ్ మాస్టర్‌కే (అన్ని స్లైడ్‌ల రూపాన్ని ఒకేచోట మార్చే పేజీకే) ఇవ్వండి. మెయిల్ విషయంలో, పంపినదాన్ని వెనక్కి పిలిచే రికాల్ బటన్ మీద నమ్మకం పోగొడితే చాలు. సంస్థ బయటి చిరునామాకు వెళ్లిన మెయిల్‌ని అది వెనక్కి తేలేదు.

క్లాసు నడిపే తీరు

రోజంతా కూర్చోబెట్టే రెండు రోజుల వర్క్‌షాప్ కంటే వారానికి రెండుసార్లు, తొంభై నిమిషాల చొప్పున ఎనిమిది వారాలు నడపడం మేలు. ఇరవై నాలుగు గంటలవుతుంది, మధ్యలో నేర్చుకున్నది సీటులో వాడి చూసుకునే వీలుంటుంది. బ్యాచ్‌లో పది పన్నెండు మందిని మించనివ్వకండి. ఒక కంప్యూటర్ ముందు ఇద్దరిని కూర్చోబెడితే ఒకరు చేస్తారు, ఇంకొకరు తలాడిస్తారు. ట్రైనర్ ఎంత తొందరలో ఉన్నా అవతలివాళ్ల మౌస్ ముట్టుకోకూడదు. "ఇక్కడ నొక్కండి" అని వేలు చూపడం కూడా తగ్గించి, ట్యాబ్ పేరు, బటన్ పేరు నోటితో చెప్పాలి. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తుకొచ్చేది ఆ పేరే.

క్లాసులో వాడే వెర్షన్, సీటు దగ్గరి వెర్షన్ ఒకటే కావాలి. ప్రాక్టీస్ ఫైళ్లు వాళ్ల పనిలోవే అయితే మరీ మంచిది, పేర్లు, ఖాతా నంబర్లు మార్చేసి.

సర్టిఫికెట్

ఉద్యోగులు ఎక్కువగా రాసేవి రెండు రకాలు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ ఒక్కో ప్రోగ్రామ్‌కి విడివిడిగా ఉంటుంది, వర్డ్‌కీ ఎక్సెల్‌కీ అసోసియేట్, ఎక్స్‌పర్ట్ అని రెండు స్థాయులు. రెండోది ఐసీడీఎల్ అనే కంప్యూటర్ నైపుణ్యాల సర్టిఫికెట్, ఇది మాడ్యూళ్ల (విడి పాఠ్యభాగాల) వారీగా ఉంటుంది. ఇది ఫిన్లాండ్‌లో మొదలైన కంప్యూటర్ డ్రైవింగ్ లైసెన్స్ ఆలోచన నుంచి పుట్టింది, ఒకప్పుడు యూరప్ పేరుతో ఈసీడీఎల్ అనేవారు. రోజంతా ఎక్సెల్‌లోనే గడిపేవాళ్లకు మొదటిది, అన్నీ కొంచెం కొంచెం వాడేవాళ్లకు రెండోది నప్పుతుంది. హాజరుకు ఇచ్చే సర్టిఫికెట్‌ని ఈ లెక్కలో వేయకండి, అది కూర్చున్నందుకు ఇచ్చేది.

ఆఫీస్ స్పెషలిస్ట్ పరీక్ష 50 నిమిషాలు. 1000కి 700 వస్తే పాస్. బిట్లు టిక్ పెట్టేది కాదు. నిజం ప్రోగ్రామ్‌లోనే చిన్న చిన్న ప్రాజెక్టులు ఇస్తారు, ఒక్కో దాంట్లో కొన్ని పనులుంటాయి. మార్కులు వేసేది కంప్యూటర్. అది చూసేది పేజీ అందాన్ని కాదు, ఫైల్లో ఏముందో దాన్ని. హెడింగ్ 1 స్టైల్ వేయమంటే అదే రంగు, అదే సైజు చేత్తో పెట్టినా మార్కు రాదు. ఆఫీసులో ఏళ్లుగా పనిచేసి, "ఇవన్నీ నాకొచ్చు" అని చదవకుండా వెళ్లినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఇంకొన్ని జాగ్రత్తలు. అడిగిన షీట్, అడిగిన సెల్, అడిగిన పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ప్రశ్నలో అండర్‌లైన్ చేసిన మాట మీద క్లిక్ చేస్తే కాపీ అవుతుంది, టైప్ చేయకుండా పేస్ట్ చేసుకోండి. అడగని మెరుగులు దిద్దకండి. రీస్టార్ట్ ప్రాజెక్ట్ నొక్కితే ఆ ప్రాజెక్టులో చేసిందంతా పోతుంది, ఒక్క పని తప్పితే కంట్రోల్ + జెడ్ చాలు. ఒక పని దగ్గర రెండు నిమిషాలు దాటితే రివ్యూకి మార్క్ చేసి ముందుకు వెళ్లిపోండి, చివర్లో తిరిగి రావచ్చు. రాయబోయే పరీక్ష ఏ వెర్షన్‌దో చూసుకుని ఆ వెర్షన్‌లోనే ప్రాక్టీస్ చేయాలి. సెల్ స్టైల్స్, నేమ్డ్ రేంజ్‌లు (పేరు పెట్టిన సెల్స్ గుంపులు), వర్క్‌బుక్ ప్రాపర్టీస్, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు రాసే వివరణ) లాంటివి ఆఫీసులో ఎవరూ ముట్టుకోరు, పరీక్షలో మాత్రం తరచూ తగులుతాయి. చివరి రెండు వారాలు వీటికే కేటాయించి, గడియారం పెట్టుకుని పూర్తి నమూనా పరీక్షలు కనీసం మూడు రాయించండి.

తప్పితే మొదటిసారి తర్వాత 24 గంటలు ఆగాలి. కానీ మర్నాడే పరుగెత్తడంలో అర్థం లేదు. స్కోర్ రిపోర్ట్‌లో విభాగాల వారీగా శాతాలు ఉంటాయి. టేబుల్స్ విభాగంలో 40, చార్ట్స్‌లో 90 ఉంటే మళ్లీ పుస్తకమంతా తిరగేయనక్కర్లేదు. టేబుల్‌గా మార్చడం, టోటల్ రో పెట్టడం, టేబుల్‌ని తిరిగి మామూలు రేంజ్ చేయడం, ఈ మూడూ మౌస్ వెతుక్కోకుండా చేయగలిగే వరకు చేసి, అప్పుడు మళ్లీ తేదీ తీసుకోండి.